రంగు కింద రోగం

“ఏమోయ్ పంతులూ! శుక్రవారం పాత ఇనుము కొనేవాడు వస్తున్నాడు. మా నాన్న లారీని చివరిసారి చూసిపో” అని కబురుచేశారు మా బావగారు.

అది మిలిటరీ లారీ. అమెరికావారి జి.ఎమ్.సి. 1941 నుంచి 1945 దాకా ఇటువంటి పది చక్రాల బళ్ళు 5 లక్షలకు పైగా తయారైనాయి. 1945లో అస్సాం నుంచి లెడో రోడ్డు మీద చైనాకు సరుకు మోసినవాటిలో ఇవీ వున్నాయి. యుద్ధం ముగిశాక మిగిలిన బళ్ళను మన దేశంలో అమ్మేశారు. అలా వచ్చిందే ఇదీను.

మూడు నెలలుగా స్టార్టరు నొక్కితే మూలుగేగాని ఇంజను తిరగదట. ఒక మెకానిక్కు బ్యాటరీ మార్పించాడు. మరొకడు స్టార్టరు విప్పి బాగుచేశాడు. డబ్బు పోయింది, మూలుగు పోలేదు.

నేను వెళ్ళేసరికి, సైన్యంలో బళ్ళు బాగుచేసి రిటైరైన పెద్దాయన ఒకరు వచ్చివున్నారు. ఆయన బండిని ముట్టుకోకుండానే అడిగారు:

“చెడక ముందు ఆఖరున దీనికేం చేయించారు బాబూ?”

“రంగు వేయించామండీ.”

పెద్దాయన నవ్వారు. మీటరు తీగ ఒకటి బ్యాటరీ ఎర్తు కొసకూ, రెండోది స్టార్టరు ఒంటికీ ఆనించి, “నొక్కండి” అన్నారు. ముల్లు 2 వోల్టుల దగ్గర నిలిచింది.

“ఇక్కడ దాదాపు సున్నా వుండాలి. ఈ బండికి వున్నదే 6 వోల్టులు. స్టార్టరు 200 యాంపియర్లు లాగుతుందనుకోండి, దారిలో ఓములో నూరోవంతు అడ్డున్నా 2 వోల్టులు అక్కడే ఖర్చు. మూడోవంతు పోయాక స్టార్టరు మూలగక ఏంచేస్తుంది? 24 వోల్టుల బండికైతే ఈ నష్టం అంతగా తెలియదు” అన్నారు.

ముందు బ్యాటరీ దగ్గర ఎర్తు కొస విప్పి, తరువాత దాని పట్టీ రెండో కొసను ఛాసీనుంచి ఊడదీశారు. పట్టీ కింద పచ్చరంగు నిగనిగలాడుతోంది! రంగులో కరెంటు పారుతుందా? ఇనుము మెరిసేదాకా గీకి, బిగించి, తుప్పు పట్టకుండా పైన గ్రీజు పూశారు. బ్యాటరీ కొస ఆఖరున తగిలించారు.

రెండో నొక్కుకు ఇంజను అందుకుంది. బావగారు కళ్ళు తుడుచుకుని, పొగ అన్నారు.

శుక్రవారం వచ్చినవాడు కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

పరీక్ష తప్పిన కుర్రాణ్ణి “ఎందుకు చదవలేదురా?” అని ఇన్నేళ్ళుగా గద్దిస్తున్నాను. చెడక ముందు ఏం జరిగిందని ఒక్కణ్ణీ అడిగిన పాపాన పోలేదు.