నెయ్యి గెలిచిందా, అన్నం ఓడిందా?

ఇంట్లో పదిమంది చేరినప్పుడు సినిమా చూడటం, అది అయిపోయాక కథానాయిక కట్టిన చీరల మీద గంటసేపు చర్చ చేయడం మనందరికీ పరిపాటే. కాని నెయ్యి నాయకుడుగానూ, అన్నం, పంచదార ప్రతినాయకులుగానూ ఉన్న సినిమా ఒకటి చూసి, ఇంటిల్లిపాదీ మూడు రోజులపాటు వాదించుకోవడం మాత్రం మా ఇంట్లో ఈ సంక్రాంతికే జరిగింది. వేడుకగా మొదలైంది గాని, వేడుకగా ముగియలేదు. అందుకే మీకు చెబుతున్నాను.

మా అక్కయ్య కొడుకు మెల్‌బోర్న్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. పండుగకు వచ్చినవాడు, "పిన్నీ, నువ్వు వంటల మీదా ఆరోగ్యం మీదా రాస్తూంటావు కదా, ఇది చూసి తీరాలి" అని భోగినాటి రాత్రి టి.వి.లో ఒక డాక్యుమెంటరీ పెట్టాడు. పేరు "ది మ్యాజిక్ పిల్". అంటే మంత్రపు మాత్ర అనుకోండి. 2017లో వచ్చిందిట. ఆస్ట్రేలియాలో పేరుమోసిన వంటగాడు పీట్ ఎవాన్స్ దానికి సూత్రధారి.

చూడటానికి మా అత్తగారు, మావారు, కాలేజీలో చదువుతున్న మా అమ్మాయి, పక్క వాటాలో ఉండే మా చినమామగారూ చినత్తగారూ, ఎదురింటి రిటైరయిన లెక్కల మేష్టారు కూర్చున్నారు. అరిసెలు వత్తడానికి సాయం వచ్చిన మా పనిమనిషి కూడా చేతులు తుడుచుకుని గుమ్మం దగ్గర చతికిలబడింది.

బొమ్మ గంటన్నర నడిచింది. చెప్పేదంతా ఒక్క ముక్కలో చెప్పవచ్చు. రొట్టె, అన్నం, పంచదార, డబ్బాల్లో వచ్చే తిండి మానేసి, మాంసం, చేపలు, గుడ్లు, ఆకుకూరలు, మంచి కొవ్వు తింటే ఒళ్లు బాగుపడుతుందని. ఉత్తర ఆస్ట్రేలియాలోని ఆర్న్‌హెమ్ ల్యాండ్ ఆదిమవాసులు తమ పూర్వపు తిండికి మళ్లడం చూపించారు. అమెరికాలో రకరకాల జబ్బులున్న కొందరు తిండి మార్చుకుని, కొద్ది వారాల్లోనే తేలికపడ్డామనీ, మందులు తగ్గాయనీ చెప్పారు. ఆటిజం ఉన్న ఒక చిన్నపిల్ల కూడా అందులో ఉంది. ఆ పిల్ల తల్లిదండ్రుల ముఖాలు చూస్తూంటే నాకు కళ్లు చెమర్చాయి. అబద్ధమెందుకు చెప్పాలి?

దీపం వేయగానే మొదట మా అత్తగారు గొంతు విప్పారు. "ముప్పయ్యేళ్లుగా నెయ్యి వేసుకోబోతే చేయి పట్టుకున్నారు. మా అమ్మ తొంభై ఏళ్లు బతికింది, వెన్నపూస తినే బతికింది. దొర వచ్చి చెబితే గాని మీకు నమ్మకం కుదరలేదు" అన్నారు. ఆ గెలుపు ఆవిడ ముఖంలో రెండు రోజులు వెలుగుతూనే ఉంది.

మావారు ఆ సినిమాలో సగమే విన్నారు. "కొవ్వు మంచిదే" అన్నంతవరకు శ్రద్ధగా విని, "అన్నం మానాలి" అన్నచోట వక్కపొడి కోసం లేచినట్టున్నారు. మర్నాడు పొద్దున గోంగూర పచ్చడిలో ఎప్పుడూ కలిపేటంత అన్నమూ కలిపి, ఎప్పుడూ వేసుకోనంత నెయ్యీ వేసుకున్నారు. ఇదేమిటని అడిగితే, "సినిమాలో చెప్పారుగా" అన్నారు!

"ఇందులో కొత్తేముంది?" అన్నారు చినత్తగారు. "మన వీరమాచనేని రామకృష్ణగారు 2017, 18లలో ఊరూరా సభలు పెట్టి ఇదే చెప్పలేదా? కొబ్బరినూనె, నిమ్మకాయలు అంటూ మన వీధిలో సగంమంది మొదలుపెట్టారు. ఎందరు నిలబెట్టుకున్నారు?" నిజమే. కొందరు ఒళ్లు తగ్గి హాయిగా ఉన్నారు. కొందరు కార్తీక మాసం వనభోజనాల్లో పులిహోర చూసి దీక్ష విరమించారు.

మేష్టారు మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "అమ్మా, తిండి మార్చుకుని బాగుపడినవాళ్లనే చూపించారు. మార్చుకున్నా కుదరనివాళ్లు ఏరీ? ప్యాసయినవాళ్ల పేర్లే చదివి, మా స్కూల్లో నూటికి నూరు అన్నట్టుంది" అన్నారు. మా అమ్మాయి అందుకుని, "అవును, మందు వల్ల తగ్గిందో, పంచదార మానడం వల్ల తగ్గిందో, కెమెరా ఎదురుగా ఉందని శ్రద్ధగా ఉండటం వల్ల తగ్గిందో ఎలా తెలుస్తుంది?" అంది. చదివించిన డబ్బు వృథా కాలేదనుకున్నాను.

అందరికన్నా నన్ను ఆలోచింపజేసింది మా పనిమనిషి మాట. "అన్నం మానేసి మాంసం, గుడ్లు, నెయ్యి తినమంటే మా ఇంట్లో అయిదుగురికి నెలకెంతవుద్దమ్మా? రేషను బియ్యం వస్తున్నాయి గనక కడుపు నిండతంది" అంది. ఆ మాటకు ఎవరి దగ్గరా జవాబు లేదు. 1983లో మన రాష్ట్రంలో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలిగిందో పెద్దవాళ్లకు జ్ఞాపకం ఉంటుంది. జొన్న సంకటి, రాగి అంబలి మెల్లగా వెనకబడి మూడు పూటలా తెల్లన్నం రావడం కూడా మన కళ్లముందు జరిగిందే. పేదవాడి పళ్లెం ముందు నిలబడి అన్నాన్ని దుర్మార్గుడనడం సులభం కాదు.

ఇంతమందీ ఇన్ని మాటలంటూంటే మా చినమామగారు ఒక్కరే ఏమీ అనలేదు. ఆయనకు పన్నెండేళ్లుగా మధుమేహం. తీపంటే ప్రాణం. మౌనంగా కండువా దులుపుకుని వెళ్లిపోయారు. నిద్రవస్తోందేమో అనుకున్నాం గాని, ఆయన మనసులో నిశ్చయం చేసుకున్నారని మాలో ఎవరికీ తట్టలేదు.

కనుమ మర్నాడు, ఇంకా తెల్లవారకముందే చినత్తగారు తలుపు బాదారు. పరుగెత్తి వెళ్లేసరికి చినమామగారు మంచం మీద కూర్చుని ఉన్నారు. ఒళ్లంతా చెమటతో తడిసిపోయింది. చేతులు వణుకుతున్నాయి. నన్ను చూసి మా అత్తగారి పేరు పెట్టి పిలిచారు. మా అమ్మాయి రక్తం చుక్క తీసి చూసింది. చక్కెర 46 ఉంది. 70కి తగ్గితేనే జాగ్రత్త పడాలి.

తెలివిగా ఉన్నారు, మింగగలుగుతున్నారు గనక, అరగ్లాసు నీళ్లలో మూడు చెంచాల పంచదార కలిపి తాగించాను. పదిహేను నిమిషాలు మాకు పదిహేను గంటలయ్యాయి. మళ్లీ చూస్తే 84. సినిమాలో దుర్మార్గుడన్న పంచదారే ఆ పూట ఆయన్ని నిలబెట్టింది.

ఆసుపత్రికి తీసుకువెళ్లాం. అప్పుడు బయటపడింది. భోగి మర్నాటి నుంచి ఆయన అన్నం ముట్టలేదు. చినత్తగారితో అరుగుదల లేదని చెప్పి, రెండు గుడ్లూ, కాస్త కూరా, ఒక గరిటె నెయ్యీ తిని ఊరుకున్నారు. రోజూ వేసుకునే గ్లిమెపిరైడ్ మాత్రలు మాత్రం యథాప్రకారం వేసుకున్నారు.

డాక్టరుగారు కోప్పడలేదు. ఆయన వివరించినది మీరందరూ జ్ఞాపకం పెట్టుకోవాలి. ఆ జాతి మాత్ర తిండి వచ్చిందా లేదా అని చూడదు. లోపల ఉన్న క్లోమగ్రంథిని తట్టిలేపి ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. అంతకుముందు పళ్లెం నిండా అన్నం ఉండేది గనక మాత్ర బలం దానికి సరిపోయింది. అన్నం ఒక్కసారి తీసేసి మాత్ర అలాగే ఉంచితే, రక్తంలో ఉన్న కాస్త చక్కెరా ఊడ్చుకుపోతుంది. పైగా పెద్దవయసువాళ్లలో ఈ మాత్ర ప్రభావం చాలాసేపు ఉంటుంది. ఒకసారి పంచదార నీళ్లతో తేరుకున్నా మళ్లీ పడిపోవచ్చు. అందుకని ఆ రోజంతా అక్కడే ఉంచారు. "అన్నం తగ్గించాలనుకోవడం తప్పు కాదండీ, నాకు చెప్పకపోవడం తప్పు. ముందు చెబితే మాత్ర తగ్గించి ఉండేవాణ్ణి" అన్నారాయన.

మా అక్కయ్య కొడుకు ముఖం చూడలేకపోయాను. వరండాలో బెంచీ మీద తల వంచుకు కూర్చున్నాడు. చినమామగారే వాణ్ణి దగ్గరకు పిలిచి, "సినిమా అందరం చూశాం రా, వైద్యం చేసుకున్నది నేనొక్కణ్ణే. నీ తప్పేముంది?" అన్నారు. వాడు మాట్లాడకుండా ఆయన చేయి పట్టుకున్నాడు.

ఇంటికి వచ్చాక ఈ సంగతి కొంచెం తవ్వి చూశాను. పిండిపదార్థాలు తగ్గించే పద్ధతి నిన్నమొన్నటిది కాదు. 1863లోనే లండనులో విలియం బాంటింగ్ అనే ఆయన ఇలా తిని ఒళ్లు తగ్గానని చిన్న పుస్తకం వేశాడు. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో రస్సెల్ వైల్డర్ అనే డాక్టరు మూర్ఛవ్యాధి కోసం బాగా కొవ్వుండే ఆహారాన్ని సూచించి, దానికి కీటోజెనిక్ అని పేరు పెట్టాడు. మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లలకు, డాక్టర్ల పర్యవేక్షణలో, ఇప్పటికీ అది ఇస్తున్నారు.

చక్కెర జబ్బు సంగతికి వస్తే, అమెరికా డయాబెటిస్ అసోసియేషన్ 2019లో ఇచ్చిన నివేదికలో, పిండిపదార్థాలు తగ్గిస్తే రక్తంలో చక్కెర అదుపులోకి వస్తుందనడానికి మంచి ఆధారాలున్నాయని ఒప్పుకుంది. కాబట్టి సినిమా చెప్పినదంతా బూటకం కాదు. మన దేశంలో 10.1 కోట్లమందికి మధుమేహం ఉందని 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. అధ్యయనం లెక్క కట్టింది. పళ్లెంలో ముప్పాతిక భాగం అన్నమే తినే మనం ఆ మాట చెవిన వేసుకోవలసిందే.

అయితే ఒళ్లు తగ్గడం మాటేమిటి? 2018లో స్టాన్‌ఫర్డ్‌వాళ్లు 609 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు కొవ్వు, రెండో జట్టుకు పిండిపదార్థాలు ఏడాదిపాటు తగ్గించారు. మొదటి జట్టు సగటున 5.3 కిలోలు, రెండోది 6 కిలోలు తగ్గింది. చెప్పుకోదగ్గ తేడా లేదన్నమాట. రెండు జట్లకూ పంచదార, మైదా తగ్గించి కూరలు ఎక్కువ తినమనే చెప్పారు. నెయ్యి గెలవలేదు, అన్నం ఓడలేదు. ఓడినవి మైదా, పంచదార.

ఇక ఆటిజం, క్యాన్సరు దాకా వెళ్లి ఆశ పెట్టడం వేరే సంగతి. అందుకే 2018లో ఆస్ట్రేలియా వైద్యసంఘం అధ్యక్షుడు ఆ సినిమాను నెట్‌ఫ్లిక్స్ నుంచి తీసేయమని కోరారు. బిడ్డ కోసం తల్లడిల్లే తల్లికి వారాల లెక్కన ఆశ చూపించడం నాకూ నచ్చలేదు.

మీలో ఎవరైనా ఇలాంటి పథ్యం మొదలుపెట్టదలిస్తే, పళ్లెం మార్చేముందు మాత్రల డబ్బా డాక్టరు ముందు పెట్టండి. ఇన్సులిన్ తీసుకునేవారు, మా చినమామగారి మాత్రలాంటివి వేసుకునేవారు, మందు పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని ఉన్నవారు, రక్తపోటుకు మందు వాడేవారు, మూత్రపిండాల జబ్బున్నవారు, గర్భిణులు సొంతంగా సుతరామూ చేయవద్దు. నెయ్యి, వెన్న బాగా తింటే కొందరిలో చెడ్డ కొలెస్టరాల్ పెరుగుతుంది. అదీ పరీక్ష చేయించుకోవాలి. చెమట, వణుకు, తికమక కనిపిస్తే చక్కెర చూసి, మింగగలిగితే మూడు చెంచాల పంచదార నీళ్లలో ఇచ్చి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడండి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయకండి, ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ఇప్పుడు మా ఇంట్లో ముందు కూర, పప్పు, పెరుగు వడ్డించి, ఆ తర్వాతే అన్నం పెడుతున్నాను. చినమామగారు డాక్టరు చెప్పిన ప్రకారం సగం అన్నం, తగ్గించిన మాత్రతో కులాసాగా ఉన్నారు. మొన్న ఫోనులో మా అక్కయ్య కొడుకు, "పిన్నీ, ఈసారి మంచి హాస్య చిత్రం తెస్తాను" అన్నాడు. తెమ్మన్నాను. మా అత్తగారు మాత్రం పక్కనుంచి, "ఆ నెయ్యి సినిమానే ఇంకోసారి పెట్టమను" అంటున్నారు.