ఊరెందుకు వదిలామో చెప్పే బొమ్మల కథలు

టీచరు పిల్లలకు ఇంటిపని ఇచ్చింది. మీరు ఏ దేశం నుంచి వచ్చారో ఆ దేశం బొమ్మ గీసుకురండి అని. ఆ తరగతిలో అందరూ ఎక్కడెక్కడి నుంచో వలస వచ్చిన పిల్లలే. అందరికీ హుషారు. లోలాకు మాత్రం దిగులు. తను పుట్టింది ఒక ద్వీపంలో. నడక కూడా రాకముందే ఇంట్లోవాళ్ళు అక్కడి నుంచి తీసుకొచ్చేశారు. అక్కడి చెట్టూ గుర్తులేదు, వీధీ గుర్తులేదు. గుర్తులేని ఊరిని ఎలా గీయాలి?

జునో డియాజ్ రాసి, లియో ఎస్పినోసా బొమ్మలు వేసిన ‘ఐలాండ్‌బార్న్’ ఇలా మొదలవుతుంది. 2018లో ఇంగ్లిషులోనూ, ‘లోలా’ పేరుతో స్పానిష్‌లోనూ వచ్చింది. డియాజ్ 1968లో డొమినికన్ రిపబ్లిక్ రాజధాని శాంటో డొమింగోలో పుట్టి, ఆరేళ్ళ వయసులో అమెరికా చేరాడు. తన నవల ఒకదానికి 2008లో పులిట్జర్ బహుమతి అందుకున్నాడు. ఆ నవలలో పెద్దలకు చెప్పిన చరిత్రనే పదేళ్ళ తర్వాత పిల్లల ముందు పెట్టాడు.

లోలా తన వాడలో కనబడ్డవాళ్ళనల్లా అడుగుతూ పోతుంది. ఆ ద్వీపంలో ఏముండేది? దుప్పటంత గబ్బిలాలుండేవి అంటారొకరు. ఎటు చూసినా పాట వినిపించేది అంటారొకరు. మామిడిపళ్ళ తీపి గురించి చెబుతారు, తుపాను గురించి చెబుతారు. చివరికి తాముండే భవనం బాగోగులు చూసే పెద్దాయన దగ్గరకు వెళితే, ఆయన ఇంకెవరూ ఎత్తని సంగతి ఎత్తుతాడు. ఆ ద్వీపం మీదికి ఒక రాక్షసుడు వచ్చిపడ్డాడు. ముప్పై ఏళ్ళు జనాన్ని పీడించాడు. కొందరు తెగించి ఎదురు నిలిచి వాణ్ని తరిమారు. అందుకే మనలో చాలామందిమి ఇక్కడున్నాం.

పుస్తకంలో ఆ రాక్షసుడికి పేరు లేదు, ద్వీపానికీ పేరు లేదు. పెద్దలకు పేర్లు తెలుసు. 1930 నుంచి 1961లో హత్యకు గురయ్యేదాకా డొమినికన్ రిపబ్లిక్‌ను గుప్పిట పెట్టుకున్న నియంత రఫాయెల్ ట్రుహీయో. నా లెక్కలో ఆ పుస్తకానికి వెన్నెముక ఆ పేజీయే. దాన్ని తీసేస్తే మిగిలేది కొబ్బరిచెట్లూ, నీలి సముద్రమూ, నాట్యమూ, అంటే పర్యాటక శాఖ వేసే కరపత్రం. ద్వీపాల మీద వచ్చే బొమ్మల పుస్తకాలకు ఈ ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుంది. ద్వీపం చూడ్డానికి బాగుంటుంది, బొమ్మకు ఇట్టే లొంగుతుంది. అంత అందమైన చోటును జనం ఎందుకు వదిలిపోయారని అడగడం పుస్తకమే మరిచిపోతుంది. పిల్లలు మరిచిపోరు.

పసివాళ్ళను ఎందుకు భయపెట్టడం అంటారు కొందరు తల్లిదండ్రులు. అది తీసిపారేయాల్సిన మాట కాదు. కానీ బొమ్మల పుస్తకం నడిచే తీరు ఒకసారి చూడండి. సాధారణంగా 32 పేజీలు. పేజీ తిప్పే చెయ్యి పిల్లది. రాక్షసుడు కాగితం అంచు దాటి బయటికి రాడు. చదివి వినిపించే మనిషి పక్కనే, ఆనుకుని కూర్చుని ఉంటుంది. ఇంతకంటే భద్రమైన భయం ఏ పిల్లకైనా ఎక్కడ దొరుకుతుంది? పిల్లలు నిజానికి బెదిరేది ఇంట్లో పెద్దవాళ్ళు ఒక మాట దగ్గర ఆగిపోయి, మొహం తిప్పుకున్నప్పుడు.

లోలా ద్వీపానికి ఇంకో భాగం ఉంది. ఆ నేలను పంచుకున్న రెండో దేశం హైతీ. 1937లో ట్రుహీయో సైన్యం సరిహద్దు దగ్గర వేలమంది హైతీయులను చంపింది. ఆ మారణకాండ మీద నవల రాసిన ఎడ్వీజ్ డాంటికా 1969లో హైతీ రాజధాని పోర్టో ప్రిన్స్‌లో పుట్టి, పన్నెండేళ్ళ వయసులో న్యూయార్క్ వచ్చింది. పిల్లల కోసం ఆమె 2015లో ‘మామాస్ నైటింగేల్’ రాసింది. లెస్లీ స్టౌబ్ బొమ్మలు వేసింది. అందులో సాయా అనే చిన్నపిల్ల తల్లిని కాగితాలు లేవని నిర్బంధ కేంద్రంలో పెడతారు. ఆ తల్లి అక్కడి నుంచే నిద్రపుచ్చే కథలు టేపు మీద రికార్డు చేసి కూతురికి పంపుతుంది. కథ చెప్పే గొంతు ఇంట్లో ఉంది, మనిషి మాత్రం కటకటాల వెనక ఉంది. డాంటికా దీన్ని ఊహలోంచి మాత్రమే అల్లలేదు. తనను పెంచిన పెదనాన్న జోసెఫ్ 2004లో మయామిలో ఆశ్రయం కోరి, వలస అధికారుల నిర్బంధంలో ఉండగానే 81 ఏళ్ళ వయసులో చనిపోయాడు. అంత దుఃఖం మోసిన మనిషి పిల్లల కోసం రాస్తూ కోపాన్ని అదుపులో పెట్టుకుంది, నిజాన్ని మాత్రం తగ్గించలేదు. ఆ పుస్తకం మీద నాకున్న గౌరవం అందుకే.

ఇలాంటి పుస్తకాలు వాటంతటవే పుట్టలేదు. ప్యూర్టో రికో ద్వీపం నుంచి వచ్చిన పూరా బెల్‌ప్రే 1921లో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ హార్లెమ్ శాఖలో ఉద్యోగంలో చేరింది. అల్మరాలన్నీ వెతికితే తన ద్వీపం కథ ఒక్కటీ కనబడలేదు. అమ్మమ్మ చెప్పిన మార్టినా బొద్దింక, పెరెజ్ ఎలుక కథను తనే పిల్లలకు చెప్పడం మొదలుపెట్టింది. తోలుబొమ్మలాటలా చేతిబొమ్మలు కట్టి ఆడించింది. 1932లో ఆ కథ పుస్తకమైంది. అమెరికాలో లాటినో బాలసాహిత్యానికి 1996 నుంచి ఇస్తున్న బహుమతి ఆమె పేరు మీదే ఉంది. ఒక లైబ్రేరియన్ ఖాళీ అల్మరా చూసి ఊరుకోకపోవడం వల్ల వచ్చిన మార్పు ఇది.

బ్రిటన్ సంగతి వేరు. కరీబియన్ ద్వీపాల నుంచి వందల మందితో ‘ఎంపైర్ విండ్రష్’ ఓడ 1948 జూన్ 22న టిల్‌బరీ రేవులో ప్రయాణికులను దింపింది. ఆ తర్వాతి ఏళ్ళలో, పదేళ్ళ వయసులో ట్రినిడాడ్ నుంచి వెళ్ళిన ఫ్లోయెల్లా బెంజమిన్ తన బాల్యాన్ని 1995లో ‘కమింగ్ టు ఇంగ్లండ్’గా రాసింది. అది చిన్నపిల్లల బొమ్మల పుస్తకంగా రావడానికి 2020 దాకా పట్టింది. ఈ ఆలస్యం వెనక ఒక లెక్క ఉంది. లండన్‌లో ప్రాథమిక విద్య మీద పనిచేసే సీఎల్‌పీఈ సంస్థ 2017లో బ్రిటన్‌లో వచ్చిన పిల్లల పుస్తకాలను లెక్కించింది. మొత్తం 9,115. నల్లజాతి, ఆసియా, ఇతర అల్పసంఖ్యాక వర్గాల పాత్ర ఒక్కటైనా ఉన్నవి 391, అంటే 4 శాతం. ఆ వర్గాల పిల్ల కథానాయికగానో నాయకుడిగానో ఉన్నవి 1 శాతం. అప్పట్లో ఇంగ్లండు బడుల్లో చదివే పిల్లల్లో వాళ్ళు 32 శాతం. ఈ అంకెలు బయటపడ్డాక ప్రచురణకర్తలు కదిలారు, ఆ తర్వాతి ఏళ్ళలో శాతం బాగానే పెరిగింది.

లోలా కథ మా మనవరాలికి చదివి వినిపించాను. పుస్తకం మూసి, “అమ్మమ్మా, మన ద్వీపం ఏది?” అంది. మనకు ద్వీపం లేదే తల్లీ అనబోయి ఆగాను. మాది శ్రీకాకుళం వైపు. మా తాతగారి అన్నగారి ప్రస్తావన వస్తే మా ఇంట్లో “రంగం పోయాడు” అనేవారు. రంగం అంటే రంగూన్. ఆ మాట తర్వాత మరో వాక్యం ఉండేది కాదు. ఎందుకు పోయాడో, 1942లో జపాన్ బాంబులకు బెదిరి వేలాది మంది నడిచి తిరిగొచ్చినప్పుడు వాళ్ళలో ఉన్నాడో లేడో ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

రంగూన్ ద్వీపం కాదు. మారిషస్ ద్వీపమే. 1834 నుంచి చెరకు తోటల కూలి ఒప్పందాల మీద లక్షల మంది భారతీయులు అక్కడికి చేరారు. వాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు వాళ్ళతోపాటు వెళ్ళింది. తెలుగువాళ్ళను అక్కడా, బర్మాలోనూ ‘కోరంగి’లనే పిలిచారు. ఈనాటికీ మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు దినం, బడుల్లో తెలుగు చెబుతారు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో అక్కడే జరిగాయి. ఫిజీకి గిరిమిట్ కింద 1903 నుంచి మద్రాసు ఓడలు వెళ్ళాయి. వాటిలోనూ తెలుగువాళ్ళున్నారు. అగ్రిమెంట్ అనే మాట నోట నలిగి గిరిమిట్ అయింది.

ఇంత చరిత్ర ఉండి, విదేశాల్లో పెరిగే తెలుగు పిల్లల చేతికి మనం ఇచ్చేవి ఏమిటి? ఉగాది పచ్చడి, సంక్రాంతి ముగ్గు, తెనాలి రామకృష్ణుడు, వేమన పద్యాలు. అవన్నీ ఇవ్వాల్సినవే. వాటి మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ పండగ గురించి చెప్పి పయనం గురించి చెప్పకపోతే పిల్లకు సగమే అందుతుంది. కరువు, అప్పు, మేస్త్రి చూపిన ఆశ, ఓడలో పోయిన ప్రాణాలు, తోటలో తిన్న దెబ్బలు, ఇవి కూడా వారసత్వమే. నిన్నమొన్న విమానం ఎక్కిన ఇంజనీరు కుటుంబాలకైనా చెప్పుకోవాల్సింది ఉంటుంది. తాకట్టు పెట్టిన పొలం, వీసా కోసం పడ్డ ఎదురుచూపు, అమ్మ అంత్యక్రియలకు అందుకోలేకపోయిన కొడుకు. పిల్లలు ఇవి విని తట్టుకోగలరని లోలా, సాయా మనకు చూపించారు.

కోరంగి రేవులో ఓడెక్కిన పిల్ల కథ తెలుగులో బొమ్మల పుస్తకంగా ఇంతవరకు నా కంటపడలేదు. ఏటా సభలు జరిపే తెలుగు సంఘాలకు ఇది పెద్ద ఖర్చేమీ కాదు. ఒక రచయితనూ ఒక చిత్రకారుణ్నీ మారిషస్ పంపండి. అక్కడి ముసలమ్మల దగ్గర కూర్చోబెట్టండి. 32 పేజీలు చాలు. ఇంట్లో పెద్దవాళ్ళున్నవారు ఈ వారమే ఫోన్ రికార్డర్ నొక్కి, మన ఊరు ఎందుకు వదిలాం అని అడగండి. వాళ్ళు మొహం తిప్పుకుంటే కాసేపాగి మళ్ళీ అడగండి. మా ఇంట్లో అలా అడిగి తెలుసుకోవడానికి ఇప్పుడు ఎవరూ మిగల్లేదు.