వేడిమీద చూడవలసిన బండి

సంతలో ఎద్దును కొనేవాడు ముందు పళ్ళు చూస్తాడు. తర్వాత నాలుగు బారలు నడిపించి చూస్తాడు. ఆరితేరినవాడైతే అంతటితో ఊరుకోడు. ఒక పూట అరక కట్టి దున్నించి, అలిసి పడుకున్నది మళ్ళీ లేస్తుందా లేదా అని కూడా చూస్తాడు. పాత కార్లు కొనేవారికి ఇంత ఓపిక ఉండదు. రంగు చూస్తారు, సీట్లు నొక్కుతారు, చక్రాన్ని ఒక తన్ను తన్ని డబ్బు లెక్కపెడతారు. మామూలు కారయితే దీనివల్ల కొంప మునగదు. రోటరీ ఇంజను ఉన్న స్పోర్ట్సు కారయితే మునుగుతుంది.

ఈ సంగతి ఇప్పుడు రావడానికి కారణం మా అన్నగారి అబ్బాయి. డల్లస్‌లో ఉద్యోగం. రెండేళ్ళుగా జీతంలోంచి మిగిల్చిన డబ్బంతా పెట్టి మజ్దా ఆర్ఎక్స్-8 అనే పాత కారు కొంటానని భీష్మించుకు కూర్చున్నాడు. “నువ్వయినా వాడికి నాలుగు మాటలు చెప్పవయ్యా” అన్నారు మా వదినగారు. చెప్పాను గాని, ఆవిడ కోరిన మాటలు కావు.

మజ్దా అంటే మనకు స్వరాజ్ మజ్దా లారీలు గుర్తుకొస్తాయి. వాటిలో ఉన్నది డీజిలు పిస్టన్ ఇంజనే. ఈ రోటరీ సంగతి వేరు. జర్మనీలో ఫెలిక్స్ వాంకెల్ అనే ఆయన బుర్రలో పుట్టి, ఎన్.ఎస్.యు. కంపెనీ చేతిమీదుగా 1957లో మొదటిసారి తిరిగింది. పిస్టన్లు పైకీ కిందికీ కొట్టుకోవడమన్నది ఇందులో లేదు. వేరుసెనగ కాయలా నడుము కొద్దిగా నొక్కుకుపోయిన గదిలో, పక్కలు ఉబ్బిన మూడు మూలల రోటరు, రుబ్బురోట్లో పొత్రంలాగా గోడల్ని ఒరుసుకుంటూ తిరుగుతుంది. అందుకే అంత నునుపైన పరుగు. ఆర్ఎక్స్-8లో ఇలాంటివి రెండు రోటర్లు. ఇంజను మొత్తం 1308 సి.సి. మాత్రమే.

దీని ప్రాణమంతా రోటరు మూలల్లో బిగించిన సన్నని పట్టీల్లో ఉన్నది. ఇవి అరిగితే గాలి ఒక గదిలోంచి పక్క గదిలోకి జారిపోతుంది, బలం పోతుంది. ఎన్.ఎస్.యు. వారు 1967లో రో-80 అనే చక్కని కారు తెచ్చి ఈ పట్టీలమూలంగానే చితికిపోయారు. ఆ కార్లవాళ్ళు రోడ్డుమీద ఎదురైతే, ఎన్ని ఇంజన్లు మార్చారో అన్ని వేళ్ళు చూపించి పలకరించుకునేవారని చెప్పుకుంటారు! హిరోషిమాలో మజ్దావారికీ ఇదే తంటా వచ్చింది. గది గోడలమీద అలలు అలలుగా పడిన గీతలకు దయ్యపు గోళ్ళని పేరు పెట్టుకున్నారు. కెనిచి యమమోతో అనే ఆయన కింద 47 మంది ఇంజనీర్లు పట్టుపట్టి, ఆ గోళ్ళను వదిలించి, 1967లోనే కాస్మో స్పోర్టును బజారుకు తెచ్చారు. 1978లో ఆర్ఎక్స్-7 వచ్చింది. 1991లో ల మాన్స్ ఇరవైనాలుగు గంటల పందెం గెలిచిందీ రోటరీ కారే. ఆర్ఎక్స్-8 మాత్రం 2003లో వచ్చి 2012లో ఆగిపోయింది. అంటే ఈనాడు ఎవరు కొన్నా ఒకరి చేతిలో నలిగినదే కొనాలి.

మావాడు మొదట చూసినది ఎర్రటి కారు. “బాబాయ్, తాళం ఇలా తిప్పగానే అలా అందుకుంది!” అని ఫోను.

“చల్లగా ఉండగా అందుకోవడం గొప్ప కాదురా. ఇరవై నిమిషాలు నడిపి, ఆపి, పది నిమిషాలు నిలబడి, అప్పుడు తిప్పి చూడు” అన్నాను.

చల్లని ఇంజనులో చిక్కటి నూనె అరిగిన పట్టీల తప్పు కొంత కప్పేస్తుంది. వేడెక్కి నూనె పలచబడ్డాక నిజం బయటపడుతుంది. అదే జరిగింది. ఎంతసేపు తిప్పినా మూలుగే. బ్యాటరీ పాతదన్నాడు ఆసామి. మావాడు తన స్నేహితుడి కారునుంచి తీగెలు కలిపి చూసినా అదే వరస. పైగా ఇంజనుకు ఒక్క చుక్క నూనె కూడా పోయనక్కరలేదని ఆయన గొప్ప చెప్పాడట! పట్టీలు తడవడానికి రోటరీ ఇంజను తన నూనెను తానే కొంచెం కొంచెం తాగాలి. అలా తయారుచేశారు దాన్ని. తాగడం లేదంటే సంతోషించవలసిన విషయం కాదు.

కంప్రెషన్ పరీక్షకు ఆసామి ఒప్పుకోలేదు. “ధర బాగా తగ్గిస్తానంటున్నాడు బాబాయ్” అని మావాడి నసుగుడు. ఇంజను విప్పి మళ్ళీ కట్టించాలంటే ఆ ఖర్చు ఒక్కొక్కప్పుడు కారు ఖరీదంత అవుతుంది. తగ్గించిన ధరలో ఇంజను రాదని చెప్పి ఫోను పెట్టేశాను. ఆ రాత్రి వాడు అన్నం తినలేదని తర్వాత తెలిసింది.

ఈ పరీక్షలోనూ ఒక మెలిక ఉన్నది. మామూలు గేజీ పెడితే రోటరుకున్న మూడు ముఖాలలో బలమైనదాని లెక్కే చూపుతుంది. నీరసించినవి దాని చాటున దాక్కుంటాయి. రోటరీకోసమే చేసిన పరికరం కావాలి. అది రోటరుకు మూడేసి చొప్పున ఆరు లెక్కలు ఇస్తుంది. నిమిషానికి 250 చుట్ల వేగానికి సరిచేసి చూస్తే, చదరపు సెంటీమీటరుకు 8.5 కిలోలుంటే కొత్తదానితో సమానం. 6.9 కంటె దిగితే ఆ ఇంజనుకు కాలం చెల్లినట్టే.

రెండు నెలల తర్వాత ఇంకొకటి దొరికింది. రంగు వెలిసిన బూడిదరంగు బండి. ఆసామి అడక్కుండానే డిక్కీ తెరిచి నూనె డబ్బా చూపించాడు. పరీక్షకు తనే తీసుకువెళ్ళాడు. ఆరు లెక్కల్లో అన్నిటికన్న తక్కువది 7.5. మావాడు కొన్నాడు, ఇంజనుకోసమని కొంత డబ్బు విడిగా దాచమంటే దాచాడు.

మొన్న వేసవిలో వదినగారు డల్లస్ వెళ్ళారు. ముగ్గు వేసుకోవాలి, బండి రెండు గజాలు జరపమన్నారట. జరిపి, ఇంజను ఆపకుండా పక్కన నిలబడ్డాడట మావాడు. పెట్రోలు దండగ కాదుటయ్యా అని నాకు ఫోను. చల్లగా ఉండగానే ఆపేస్తే లోపల పెట్రోలు మిగిలి ప్లగ్గులు తడిసిపోతాయి, మళ్ళీ అందుకోవడం కష్టమని చెప్పాను. “సరేలే, ఎంతసేపు?” అన్నారావిడ. పది నిమిషాలన్నాను. ఆపాటికి ముగ్గు పూర్తవుతుందిలే అన్నారు.