తాగి తగలేస్తారా?

పేదల చేతిలో డబ్బు పెడితే తాగి తగలేస్తారని గత సంచికలో వ్యాసకర్త తేల్చేశారు. కానీ పశ్చిమ కెన్యాలో గివ్‌డైరెక్ట్‌లీ అనే సంస్థ ఏ షరతూ పెట్టకుండా ఎంపెసా అనే మొబైల్ చెల్లింపు సేవ ద్వారా నేరుగా పేద కుటుంబాల ఫోన్లకే సొమ్ము పంపింది. చాలామంది గడ్డికప్పు తీసేసి రేకులు వేయించుకున్నారు. ఏడాదికో రెండేళ్లకో గడ్డి మార్చే ఖర్చు తప్పింది. ఇది దుబారానా? ఆ కుటుంబాలపై హౌషోఫర్, షపీరో అనే పరిశోధకులు చేసిన అధ్యయనం 2016లో అచ్చయింది. మద్యం, పొగాకు ఖర్చు పెరిగినట్టు అందులో తేలలేదు. డబ్బు పంచినంత మాత్రాన ఊళ్లోకి డాక్టరు రాడన్నది నిజమే. అయితే డబ్బుకు బదులు అడగని మేకను అంటగడితే మాత్రం వస్తాడా? (మేతకు డబ్బెవరిస్తారో!) తన మాటకు ఆధారమేమిటో వ్యాసకర్త వచ్చే సంచికలో చెప్పాలి.

– ఒక పాఠకురాలు, ఖమ్మం