గెడ్డ దాటినవాడికి చోటెక్కడ? ఓఎస్‌జియో బోర్డుకు బహిరంగ లేఖ

పటాల పనికి ఉచిత సాఫ్ట్‌వేర్‌ను పెంచే ఓఎస్‌జియో ఫౌండేషన్ బోర్డు సభ్యులకు, ఆ సంస్థ జరిపే ఫాస్‌ఫోర్‌జీ మహాసభల నిర్వాహకులకు నర్సీపట్నం నుంచి ఒక లేఖ.

మీ 2026 అంతర్జాతీయ సభ ఆగస్టు ఆఖరున జపాన్‌లోని హిరోషిమాలో అని తెలిసింది. ఆ ఊరంటే నాకు గౌరవం. అక్కడ సభ పెట్టడం తప్పని అనను. అయినా ఆ కబురు చదివిన రోజు మనసు చివుక్కుమంది. ఈ లేఖను కావాలనే తెలుగులో రాస్తున్నాను. మీకు చదివి చెప్పేవాళ్లు హైదరాబాదులో ఉన్నారు. 2017 జనవరిలో మీ ఆసియా సభ జరిగింది అక్కడి ట్రిపుల్ ఐటీలోనే కదా.

నేను రిటైరైన బడిపంతుల్ని. పదేళ్లుగా, వీలైన ఆదివారమల్లా, నా దగ్గర చదువుకున్న పిల్లలతో కలిసి చింతపల్లి, గూడెం కొత్తవీధి, కొయ్యూరు వైపు కొండెక్కుతాను. నడిచిన దారిని ఫోనులో పట్టి, ఎవరైనా చేర్పులు చేయగల ఉచిత ప్రపంచ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎక్కిస్తాం. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీ సంస్థది కాదని తెలుసు. కానీ ఆ సమాచారాన్ని తెచ్చి మేం పటంగా పరుచుకునేది మీ పటాల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లోనే. రూపాయి అడగకుండా అంత పనిముట్టును మా చేతికిచ్చారు. ఆ మేలు మరిచిపోయి ఈ మాటలు రాయడం లేదు.

ఉపగ్రహ చిత్రం ముందు పెట్టుకుని ఎక్కడివాళ్లైనా గీయొచ్చు కదా అంటారు. మా కొండల్లో అది సాగదు. కాఫీ మొక్కల నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్ల కింద కాలిబాట పైనుంచి కనపడదు. నాలుగిళ్ల గూడెం కనపడినా దాని పేరు కనపడదు. ఆ పేరు అక్కడి మనిషి నోటి నుంచే రావాలి. ఇక గెడ్డ, అంటే మా కొండవాగు, సంగతి. వేసవిలో పాదం తడిసేంత నీళ్లు, శ్రావణంలో మొలలోతు. పటంలో మాత్రం ఏడాది పొడవునా ఒకటే నీలి గీత. నొప్పులొచ్చిన మనిషిని డోలీలో మోసుకొచ్చేవాళ్లు ఆ గీత దగ్గర ఆగిపోతారు. అవతల రోడ్డు చివర అంబులెన్సు ఎదురుచూస్తూ ఉంటుంది. గూడెం నుంచి ఆ రోడ్డుకు ఎంత నడక, మధ్యలో ఎన్ని గెడ్డలు, ఏ రేవు ఏ నెలలో దాటనిస్తుంది అన్నదే మేం పటంలో పెడుతున్నాం. ఆ రేవు మాట ఒక్కటి రాయాలన్నా ఎండల్లో ఒకసారి, వానల్లో ఒకసారి ఆ ఒడ్డున నిలబడి చూసిన మనిషి కావాలి.

ఆ మనిషికి మీ సభలో చోటెక్కడ?

2006లో లోసాన్‌లో మొదలుపెట్టారు. సిడ్నీ, బార్సెలోనా, డెన్వర్, సియోల్, బాన్, బోస్టన్, 2025లో ఆక్లాండ్. ఇన్నేళ్లలో మీ ప్రపంచ సభ ఒక్కసారి కూడా భారతదేశంలో జరగలేదు. వర్ధమాన దేశాలకు అసలు వెళ్లలేదని అనను. 2018లో దార్ ఎస్ సలామ్ వెళ్లారు, 2024లో బెలెం వెళ్లారు. నిజానికి నా గోడంతా ఆ దార్ ఎస్ సలామ్‌ను చూశాకే. వరద ముంచెత్తే పేటలను అక్కడి విద్యార్థులూ ఆ పేటలవాళ్లూ కలిసి తిరిగి పటం గీశారు. ఆ పనికి స్వాహిలీలో ‘రమాని హురియా’ అని పేరు పెట్టుకున్నారు, స్వేచ్ఛా పటం అని. తమ ఊరి పని, తమ భాషలో పేరు. అంతటి పనిని దగ్గరుండి చూసిన మీరు ఆ దారినే ఎందుకు పట్టలేదు? అది ఒక్క ఏడాది ముచ్చటగా ఎందుకు మిగిలింది?

ప్రయాణానికి గ్రాంటు ఇస్తున్నాం కదా అంటారు. ఇస్తున్నారు, కాదనను. కానీ దానికి దరఖాస్తు రాయగలిగేదెవరు? కొండ మీద మాకు దారి చూపించిన కుర్రవాడికి పాస్‌పోర్టు ఉందా? వీసా కోసం చూపడానికి బ్యాంకులో డబ్బుందా? వాడు చెప్పే మాటను ఇంగ్లీషులో సారాంశం చేసి పంపేదెవరు? పంపితే, ఆ వేదిక మీద మాట్లాడేది వాడా, వాడి తరఫున వెళ్లిన ఇంకొకరా?

పటం మాకు కొత్త కాదు. మా కొండలను దొరలు ఎప్పుడో కొలిచారు. నర్సీపట్నం నుంచి కొండ మీదికి రోడ్డు వేయించడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చాలీచాలని కూలికి మన్యంవాళ్లచేత రాళ్లు మోయించాడు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మనుషులు చింతపల్లి పోలీసు ఠాణా మీద పడడం వెనక ఆ రోడ్డు మంట కూడా ఉంది. కొలిచినవాడొకడు, మోసినవాడొకడు. నూరేళ్లు దాటాక, అందరిదీ అని మీరు చెప్పుకునే పటంలోనైనా ఆ తేడా పోవద్దా?

మా ప్రభుత్వాలతోనూ తక్కువ పాట్లు పడలేదు. 2016లో కేంద్రం తెచ్చిన ముసాయిదా బిల్లు, అనుమతి లేకుండా భౌగోళిక సమాచారం సేకరిస్తే ఏడేళ్ల దాకా జైలు, వంద కోట్ల దాకా జరిమానా అంది. మా పిల్లల తల్లిదండ్రులు భయపడి ఫోన్లు దాచేశారు. 2021 ఫిబ్రవరిలో కొత్త మార్గదర్శకాలు వచ్చేదాకా ఆ బెరుకు పూర్తిగా పోలేదు. ఆ అయిదేళ్లూ మాకు ధైర్యం మీ పేరే. ప్రపంచమంతా చేస్తున్న పనే మనమూ చేస్తున్నాం అని ఆ తల్లిదండ్రులకు చెప్పుకున్నాను. ఆ ప్రపంచం మా గుమ్మం దాకా ఎప్పుడొస్తుందని వాళ్లిప్పుడు అడుగుతుంటే ఏం చెప్పను?

సభను నర్సీపట్నంలో పెట్టమని అడగను. ఇక్కడ అంతమందికి బస లేదని నాకు తెలుసు. మీలో నలుగురైనా ఒకసారి రండి, మాతో నడవండి. రాలేకపోతే మావాళ్ల మాట వాళ్ల భాషలోనే వినే ఏర్పాటు ఏదైనా చూడండి. ఎలాగన్నది మీకే బాగా తెలుసు, అంత పెద్ద సంస్థ నడుపుతున్నారు.

హిరోషిమాలో మీరు సభ తెరిచే వారం మా గెడ్డలు నిండుగా పారుతుంటాయి. డోలీలు ఆ వారం కూడా కొండ దిగుతాయి.

ఇట్లు,
నర్సీపట్నం బడిపంతులు