కారు తలుపులో వాన నీళ్ళు

దసరా దాటిందంటే మన నంగలి వైపు ఈశాన్యపు వానలు మొదలవుతాయి. 2021 నవంబరులో అటు చిత్తూరు, తిరుపతి, ఇటు కోలారు ప్రాంతాలను ముంచెత్తిన వానలను మరచిపోయిన వారుండరు. అలాంటి వాన వెలిశాక కారు తలుపు తీస్తే తడి గోనెసంచి వాసన, కాళ్ళ కింద నానిన కార్పెట్టు! “అద్దం దగ్గర కారుతోంది, గమ్ము పెట్టించండి” అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. కాస్త ఆగండి. గమ్ము చివరి పని, శుభ్రం చేయడం మొదటి పని.

నిజానికి తలుపు లోపలికి కొంత నీరు దిగడం సహజమే. పైకీ కిందికీ జరిగే అద్దం పక్కనుంచి నీటిని బయటి రబ్బరు పట్టీ పూర్తిగా ఆపలేదు. జారిన నీరు తలుపు అడుగున ఉండే చిన్న రంధ్రాల గుండా బయటికి పోతుంది. లోపలి అట్ట వెనక ఉండే ప్లాస్టిక్ పొర ఆ నీటిని మన వైపు రానివ్వదు. చింతచెట్టు నీడన కారు నిలిపితే సన్నటి ఆకులు, రోడ్డు దుమ్ము చేరి ఆ రంధ్రాలు పూడిపోతాయి. తూము మూసుకుపోయిన చెరువు ఏమవుతుందో కోలారు జిల్లావారికి వేరే చెప్పాలా! నీరు నిలిచి తలుపు రేకు లోపలినుంచే తుప్పు పడుతుంది. చాలా కార్లలో కార్పెట్టు కిందే కరెంటు తీగలుంటాయి, వాటికీ ముప్పే. ఇక బూజు పట్టిందంటే ఉబ్బసం ఉన్నవారికి ఆ కారులో ప్రయాణం కష్టం.

ముందుగా తలుపు అడుగు రంధ్రాలను చీపురుపుల్లతో మెల్లగా పొడిచి శుభ్రం చేయండి. అద్దం జరిగే గాడిని సబ్బునీళ్ళు, పాత టూత్‌బ్రష్షుతో కడగండి. ఆరాక రబ్బరుకు సిలికాన్ స్ప్రే కొట్టవచ్చు. గ్రీజు, ఇంజను ఆయిలు మాత్రం వద్దు, రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

తర్వాత పరీక్ష. ఒకరు టార్చితో లోపల కూర్చోవాలి. ఇంకొకరు బయటినుంచి, కింది భాగంతో మొదలుపెట్టి పైకి, కొంచెం కొంచెంగా నీళ్ళు పోయాలి. ఈ పనికి పిల్లలను పిలిస్తే ఎగిరి గంతేస్తారు! తడి కనిపించిన చోటే నీరు దూరిందనుకోకండి, అది పైనెక్కడో దూరి కిందికి జారి ఉండవచ్చు.

రబ్బరు పట్టీ చీలి ఉంటే కొత్తది వేయించండి. ప్లాస్టిక్ పొర ఊడి ఉంటే మళ్ళీ అతికించాలి. ఎయిర్‌బ్యాగులున్న కారయితే తలుపు అట్ట విప్పే పని మెకానిక్కుకే వదలండి. పుల్లటి వినిగర్ వాసన వచ్చే సిలికాన్ గమ్ము రేకుకు తుప్పు తెస్తుంది, దాన్ని వాడవద్దు. ఇప్పటి కార్లలో ముందరి అద్దాన్ని జిగురుతో అతికిస్తారు, బాడీ గట్టితనంలో దానికీ పాత్ర ఉంది. అక్కడ కారితే అద్దాలు బిగించే షాపుకే వెళ్ళండి.

కార్పెట్టును పైకెత్తి, కింది మెత్తను కూడా బాగా ఎండనివ్వండి. చివరగా అద్దం మీద మరో చెంబెడు నీళ్ళు పోసి చూడండి. లోపల పొడిగా ఉండి, తలుపు అడుగునుంచి నీళ్ళు ధారగా పోతుంటే ఇక వానకు భయపడనక్కరలేదు.