జిమ్ బ్రౌన్‌ని వద్దనుకున్న జట్టు!

'ది డర్టీ డజన్' చూసినవాళ్ళకి ఆ పరుగు గుర్తుండే ఉంటుంది. క్లైమాక్సులో జెఫర్సన్ అనే సైనికుడు గ్రెనేడ్లు పట్టుకుని, నేలలోని గాలి గొట్టాల్లోకి ఒక్కొక్కటే జారవిడుస్తూ పరుగెడతాడు. పని పూర్తిచేసి తిరిగి వస్తూ ఉండగా తూటా తగిలి కూలిపోతాడు. అలా పరుగెత్తడం ఆ నటుడికి ఏ డైరెక్టరూ నేర్పలేదు. అది ఆయన అసలు వృత్తి!

పేరు జిమ్ బ్రౌన్. అమెరికా ఫుట్‌బాల్‌లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టు తరఫున తొమ్మిది సీజన్లు ఆడాడు. (మనం కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు సుమా! గుడ్డులాంటి బంతిని చంకన పెట్టుకుని, అడ్డొచ్చినవాళ్ళని తోసుకుంటూ అవతలి గీత దాటడం. దాటితే 'టచ్‌డౌన్'.) 1966లో ఇంగ్లండులో 'డర్టీ డజన్' షూటింగు వానల మూలంగా ఆలస్యమైంది. ట్రైనింగ్ క్యాంపుకి రాకపోతే జరిమానా వేస్తానని జట్టు యజమాని బెదిరించాడు. మన హీరోగారు క్యాంపుకీ వెళ్ళలేదు, బతిమాలుకోనూ లేదు. సెట్టు మీంచే ఆటకి నమస్కారం పెట్టేశాడు. అప్పటికి వయసు 30. అప్పటికే ఆయన పరుగుల మొత్తం 12,312 గజాలు. ఆనాటికి అంత దూరం పరుగెత్తినవాడు లేడు.

ఇంతటివాడు ఎదురుగా ఉంటే, "ఈయన కాదు, ఇంకొకాయన కావాలి" అన్న జట్టు ఒకటుంది. ఉంది అనకూడదేమో... ఆ జట్టు ఇప్పుడు లేదు. ఆ మాటకొస్తే అది ఏనాడూ మైదానంలో దిగనే లేదు. కాగితం మీద పుట్టి కాగితం మీదే పోయింది. ఈ వారం కబుర్లు దాని గురించే.

కథ 1962లో మొదలవుతుంది. కాలిఫోర్నియాలోని ఓక్లండ్ నగరానికి రైడర్స్ అనే జట్టు ఉండేది. ఆ ఏడు 14 ఆటలు ఆడి 13 ఓడిపోయింది, అందులోనూ మొదటి 13 వరసగా! అలాంటి రోజుల్లో జట్టు తూర్పు తీరం టూరుకి వెళ్ళింది. న్యూయార్కు హోటల్లో ఒక రాత్రి ముగ్గురు కూర్చున్నారు. ఒకరు బిల్ వింకెన్‌బాక్, వ్యాపారస్తుడు, రైడర్స్‌లో చిన్న వాటాదారు. రెండో ఆయన బిల్ టనెల్, జట్టు ప్రచారం చూసేవాడు. మూడో ఆయన స్కాటీ స్టర్లింగ్, 'ఓక్లండ్ ట్రిబ్యూన్' విలేఖరి. వరసగా మూడు ఫ్లాపులు తీసిన కంపెనీ ఆఫీసులో సాయంత్రం ఎలా ఉంటుందో మీకు తెలుసుగా? ఆ గదీ అలాగే ఉండి ఉంటుంది.

అక్కడ పుట్టింది ఆలోచన. మన జట్టు ఎలాగూ గెలవదు, మనమే సొంత జట్లు కట్టుకుంటే? ఆటగాళ్ళు నిజమే, ఆటలూ నిజమే. క్లీవ్‌లాండ్ నుంచి ఒకడు, హ్యూస్టన్ నుంచి ఒకడు, ఎవరికి నచ్చినవాళ్ళని వాళ్ళు ఏరుకోవాలి. ఆదివారం వాళ్ళు తమ తమ ఊళ్ళలో ఆడతారు, సోమవారం మనం లెక్క కట్టుకుంటాం. వింకెన్‌బాక్ అంతకుముందే గోల్ఫు మీద ఇలాంటి సరదా నడిపాడు. ఆ రాత్రి ఫుట్‌బాల్‌కి నియమావళి తయారైంది. పెట్టిన పేరు చూడండి: 'గ్రేటర్ ఓక్లండ్ ప్రొఫెషనల్ పిగ్‌స్కిన్ ప్రాగ్నాస్టికేటర్స్ లీగ్'. మన భాషలో చెప్పాలంటే, పందితోలు బంతి జోస్యుల సంఘం!

1963 ఆగస్టులో వింకెన్‌బాక్ ఇంట్లోనే మొదటి ఎంపిక జరిగింది. ఎనిమిది జట్లు, జట్టుకి 20 మంది. వంతులవారీగా పిలుచుకోవాలి, ఒకరు తీసుకున్నవాడు ఇంకొకరికి దొరకడు. పందెం డాలర్లలో కూడా కాదు, ఎక్కువగా సెంట్లలోనే. అట్టడుగున నిలిచినవాడికీ ఒక బహుమతి ఉంది. మొద్దబ్బాయి టోపీ పెట్టిన చెక్క ఫుట్‌బాల్ మొహం. దాన్ని ఇంట్లో అందరికీ కనబడేచోట ఏడాదంతా పెట్టుకోవాలి! ఇలాంటి అవార్డు మన సినిమా వాళ్ళకీ ఒకటి ఉంటే బావుండును, పేర్లు చెప్పను గానీ...

మొదటి వంతు ఆండీ ముసలిమస్ అనే ఆయనది. ఎవర్నైనా పిలవచ్చు. జిమ్ బ్రౌన్ ఉన్నాడు, వయసు 27, మంచి ఊపు మీద ఉన్నాడు. అయినా ముసలిమస్ నోట వచ్చిన పేరు జార్జ్ బ్లాండా! హ్యూస్టన్ ఆయిలర్స్ జట్టులో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్. వయసు 35.

బ్లాండా 1961లో 36 టచ్‌డౌన్లకి బంతి అందించాడు, అప్పటికి అదే రికార్డు. కానీ 1962లో ఆయన విసిరిన బంతుల్లో 42 ఎదుటి జట్టు చేతికి చిక్కాయి. ఆ చెత్త రికార్డుని ఆ తరవాత ఎవరూ దాటలేదు. పోయిన సంక్రాంతి ఫ్లాపుని మరిచిపోయి, అంతకుముందు సంక్రాంతి హిట్టుని తలుచుకుని అడ్వాన్సు ఇచ్చే నిర్మాత లేడూ? ముసలిమస్ చేసింది అలాగే కనిపిస్తుంది.

కనిపిస్తుంది అన్నాను, ఎందుకంటే నేను ఆయన పక్షమే. బ్లాండా ఒక్కడే రెండు వేషాలు కట్టేవాడు. బంతి విసిరేదీ ఆయనే, కాలితో తన్ని గోలు చేసేదీ ఆయనే! ఇంకో మాట. ఓక్లండ్, హ్యూస్టన్ ఒకే లీగులో ఆడేవి, దాని పేరు ఏ.ఎఫ్.ఎల్. బ్రౌన్‌ది అవతలి లీగు, పాత లీగు, పెద్ద లీగు. అంటే బ్లాండా ఓక్లండ్ జనం కళ్ళారా చూసిన మనిషి. బ్రౌన్ వాళ్ళకి పేపర్లో, టీవీలో కనబడే మనిషి. మొదటి వంతు వచ్చినప్పుడు నోటికి వచ్చేది చూసినవాడి పేరే కదా!

సీజను నడిచింది. 14 ఆటల్లో బ్రౌన్ 1,863 గజాలు పరుగెత్తాడు! అదివరకు ఎవరూ అంత పరుగెత్తలేదు. బ్లాండా 24 టచ్‌డౌన్లకి బంతి అందించి, 25 సార్లు ఎదుటివాళ్ళకి అప్పజెప్పాడు. జనం నవ్వుకోవడానికి ఇది చాలు. అయితే ఇక్కడో తిరకాసు ఉంది. ఆ సంఘం నియమావళిలో లెక్కకొచ్చేవి టచ్‌డౌన్లూ, గోళ్ళూ. పరుగెత్తిన గజాలకి సెంటు కూడా లేదు! పత్రికలు ఆకాశానికెత్తిన ఆ 1,863 గజాలు వింకెన్‌బాక్ ఇంట్లో కాగితం మీద సున్నా. గజాలకీ మార్కులు వేసే పద్ధతులు ఆ తరవాత వచ్చాయి.

ఆ మొదటి పంట ఎనిమిది జట్లూ పోయాయి. ఆట మాత్రం పోలేదు. 1969లో ముసలిమస్ దాన్ని ఓక్లండ్‌లోని తన బారు 'కింగ్స్ ఎక్స్'లోకి తెచ్చాడు. అక్కడ పక్క టేబులు వాడు చూశాడు, వాడి స్నేహితుడు నేర్చుకున్నాడు. తరవాత కంప్యూటర్లు వచ్చి ఆ లెక్కల పని తీసుకున్నాయి. 2009లో అమెరికాలో 'ది లీగ్' అని దీని మీదే ఒక కామెడీ సీరియల్ కూడా మొదలైంది. మన దేశంలో ఇదే ఆట క్రికెట్ వేషం కట్టుకుని ఫోన్లలో దిగింది, పందెం సెంట్లలో ఆగలేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికీ చట్టం చేసింది. సంక్రాంతికి పావలా పెట్టి పేకాడిన తాతయ్యకి ఆ చట్టం పేరు చెబితే ఏమంటాడో!

ఆ హోటల్ గదిలోని విలేఖరి స్టర్లింగ్ తరవాత నిజమైన జట్లకే మేనేజరయ్యాడు, న్యూయార్క్ నిక్స్ బాస్కెట్‌బాల్ జట్టుతో సహా. ఓక్లండ్ రైడర్స్ 1982లో లాస్ ఏంజెలెస్ వెళ్ళిపోయింది, 1995లో తిరిగొచ్చింది, 2020లో లాస్ వేగాస్‌కి మూటా ముల్లే సర్దుకుంది. కాగితం జట్లని కనిపెట్టిన ఊళ్ళో అసలు జట్టే లేకుండా పోయింది.

ఇక బ్లాండా సంగతి. 1967లో హ్యూస్టన్ ఆయన్ని వదులుకుంది. పిలిచి తీసుకున్నదెవరో తెలుసా? ఓక్లండ్ రైడర్స్! నాలుగేళ్ళ కిందట కాగితం మీద మొట్టమొదట పిలిచిన ఊరే ఆయన్ని నిజంగా పిలిచింది. 1970లో, 43వ ఏట, వరసగా అయిదు వారాలు చివర్లో దిగి జట్టుని గట్టెక్కించాడు. అందులో నవంబరు 8 నాటి ఆట ఓక్లండ్‌లో, ఎదుటి జట్టు క్లీవ్‌లాండ్ బ్రౌన్స్. రైడర్స్ ఏడు పాయింట్లు వెనకబడి ఉన్నారు. బ్లాండా ఒక టచ్‌డౌన్‌కి బంతి అందించి స్కోరు సమం చేశాడు. ఇక మూడు సెకన్లు ఉందనగా 52 గజాల దూరం నుంచి తన్నాడు. 23-20.

ఆ రోజు ఎదుటి జట్టులో జిమ్ బ్రౌన్ లేడు. నాలుగేళ్ళుగా ఆయన సినిమా మనిషి.